పొయ్యి లేని పొంగు

అశ్విని కార్తె, గురువారం

వింటున్నావా డబ్బా? వెంగమ్మని. కిందూరు మినీవ్యాను నాంచారిని నడిపేదాన్ని.

నా తరవాత నాంచారి స్టీరింగు పట్టేది ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే తల్లీ, నాయనా, ఇదంతా మీకోసమే చెబుతున్నా. ఈ చెప్పుడు డబ్బా విన్నదల్లా రాసేసుకుంటుంది, చెరపమన్నా చెరపదు. మధ్యలో మా బావ దగ్గూ మా అత్త సణుగుడూ వచ్చి పడితే ఏమీ అనుకోబాకండి. బావ అంటే నా మొగుడు మాల్యాద్రి. అత్త అంటే వాళ్ళమ్మ పిచ్చమ్మ, మా నాయనకి అక్క. ఇంట్లో ముగ్గురం, వాకిట్లో నాంచారి.

నాంచారి అవ్వల కాలపు బండి. దాని మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. పక్క తలుపు జరిపితే జరుగుతుంది, అదీ దానికి బుద్ధి పుడితేనే. స్టీరింగు వెనకాల పసుపు దీపం ఒకటి నా పెళ్ళికి ముందు నుంచీ ఆరకుండా వెలుగుతా ఉంది. ఇంజనులో ఏదో లోపముందని దానర్థమంట. మేం దాన్ని అఖండ దీపం అంటాం. తాగేది ఇప్పసారా. దాన్ని ముసలిదని ఎవరన్నా అంటే నేనూరుకోను. అనే హక్కు నా ఒక్కదానికే ఉంది.

నిన్నటి సంగతేందంటే, కూలెంటు తొట్టిలో నీళ్ళు గీత కిందికి దిగినాయి. మొన్ననే నింపాను. కూలెంటు అంటే బ్రహ్మవిద్యేం కాదు, కాచి చల్లార్చిన నీళ్ళల్లో సబ్బు వండేవాళ్ళ దగ్గర మిగిలే గ్లిజరిన్ కలిపి పోస్తాం. అది ఇంజనులో మంట చుట్టూ తిరిగి, వేడిని మోసుకొచ్చి ముందున్న రేడియేటర్లో పారబోసి, మళ్ళీ లోపలికి పోతుంది. పోసింది పోసినట్టుండాలి. తాగెయ్యడానికి ఇదేమన్నా గేదా?

తగ్గిందంటే ఎక్కడో కారాలి గదా. బండి కింద దూరి చూశాను, తడి లేదు. సరే చూద్దామని రాత్రికి బావ తెల్ల పంచె ఒకటి నాంచారి కింద పరిచాను. ఇవాళ తెల్లారి చూస్తే పంచె మీద ఒక్క చుక్క లేదు. బావ మాత్రం నా పంచె మీద బండిని పడుకోబెడతావా అని పొద్దెక్కేదాకా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

భరణి కార్తె, ఆదివారం

ఇవాళ నాంచారి పొంగు.

మీ కాలానికి ఎండలు తగ్గుంటే మీకిది వింతగా ఉండొచ్చు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు సామెత చెప్పేవాళ్ళు. ఇప్పుడు నిజంగానే పగులుతున్నాయి, పోయినేడు మా పక్కింటి రోలు రెండు చెక్కలయింది. అందుకే రోహిణి పెట్టే ముందు ఊరంతా పైగట్టుకి ఎక్కుతాం. దాన్నే ఎక్కుడు అంటాం. ముందే పోదామంటే పైన ఊట నెలకు మించి చాలదు. పిల్లాపాపా ఉన్నవాళ్ళు గాజుబండ్లలో పోతారు. అవి వాటంతటవే నడుస్తాయి, ముద్దుముద్దుగా మాట్లాడతాయి, ఘాటు రోడ్డెక్కడానికి మాత్రం పొద్దంతా తీసుకుంటాయి. వాటిల్లో కూర్చోవాలి, నడుం వాల్చడానికి చోటుండదు. కూర్చోలేని వాళ్ళూ ఊపిరి చాలని వాళ్ళూ నాంచారిలో పడుకుని రావాల్సిందే.

ఈ ఏడు వాళ్ళల్లో మా బావ ఉన్నాడు. పోయినేడు ఊరికి కాపలా ఉంటానని మగతనం చూపించి, రోహిణంతా కింద నేలకొట్టులో, భూమిలోకి తవ్విన గదిలో, ఉండిపోయాడు. వడదెబ్బ కొట్టింది. బతికాడు గానీ గొంతు పోయింది. గట్టు మీంచి పిలిస్తే కిందూరికి వినపడే మనిషి, ఇప్పుడు పక్కన కూర్చుని గుసగుసలాడతాడు. నాలుగడుగులేస్తే గుండె పట్టుకుంటాడు. ఇంకో రోహిణి కింద గడిపితే మనిషి దక్కడని వైద్యురాలు మొహం మీదే చెప్పింది.

పొంగు సంగతి చెప్పాలి గదా. కొత్తింట్లో పాలు పొంగించినట్టు, ఏడాదికోసారి నాంచారి కూలెంటు తొట్టి మూత తీసి, ఇంజను ఆడిస్తా, ఊరంతా వంగి చూస్తాం. నాలుగు బుడగలొస్తే పొంగినట్టు, ఆ ఏడు ఎక్కుడు క్షేమంగా జరిగినట్టు. మామూలుగా ఇంజను బాగా కాగిందాకా నిలబడాలి, కాళ్ళు పీక్కుపోతాయి. ఇవాళ తాళం తిప్పానో లేదో బుడబుడమని పొంగింది! ఊరు ఊరంతా చప్పట్లు. అత్త నాంచారి మూతికి పసుపు రాసి, "బంగారు తల్లి, ఇంత తొందరగా ఎప్పుడన్నా పొంగిందా!" అని మెటికలు విరిచింది. నేనూ పళ్ళికిలించి చప్పట్లు కొట్టాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

భరణి కార్తె, శుక్రవారం

నీళ్ళు మళ్ళీ తగ్గినాయి.

బావకి గొంతు లేదు గానీ అభిప్రాయాలకి లోటు లేదు. "మూత, అమ్మే, మూత," అని నా చెవిలో ఊదాడు. "మూత రబ్బరు అరిగితే ఆవిరై పోద్ది." సరేనని చెప్పు అడుగు కోసి కొత్త రబ్బరు బిళ్ళ వేశాను. తగ్గింది. గొట్టాలన్నీ పిసికి చూశాను, గట్టిగా ఉన్నాయి. నీళ్ళ పంపు కింద వేలు పెట్టి చూశాను, పొడి. "అయితే ఇంకో మూత చూడు," అన్నాడు. మూతని పట్టుకుని ఇంకెన్నాళ్ళు వేలాడతావయ్యా బావా అంటే, నా వంక చూడకుండా గోడకేసి తిరిగి పడుకున్నాడు.

ఇవాళ పొద్దున ఇంకోటి కనిపెట్టాను. తాళం తిప్పగానే వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ. చలికాలమైతే ఆవిరిలే అనుకోవచ్చు, భరణిలో ఆవిరేంది? పైగా వాసన. నాంచారి పొగ ఎప్పుడూ సారా కొట్టంలా కంపు కొడుతుంది. ఇవాళ తియ్యగా ఉంది, పాకం ముదిరినట్టు. అత్త వాకిట్లోకొచ్చి ముక్కెగరేసి, "ఎవరింట్లోనే అరిసెలు? నాకు చెప్పకుండా వండుకుంటున్నారా?" అంది.

"అరిసెలు కాదత్తా, గ్లిజరిన్. నాంచారి కూలెంటు తాగి పొగ వదులుతోంది."

 పంచె మీద చుక్క పడకపోవడానికి కారణం ఇదే. నీళ్ళు బయటికి కారట్లేదు. ఇంజను లోపలే, మంట మండే చోటికి కారుతున్నాయి. బయటి కారుడైతే గుడ్డ కట్టి సర్దుకోవచ్చు. లోపలి కారుడుకి ఇంజను విప్పాలి.

కృత్తిక కార్తె, సోమవారం

శుభవార్త. పొగ ఆగింది! రెండు రోజులుగా నీళ్ళు గీత మీదే ఉన్నాయి. నేనేమీ చెయ్యలేదు, నాంచారే సర్దుకుంది. ఇంతకాలం ఊడిగం చేసినందుకు నా మీద దయ కలిగిందేమో.

ఎక్కుడు పెద్ద సలోమి ఇవాళ పేర్లు చదవడానికొచ్చింది. చిన్నపిల్లే, ముప్పై నిండలేదు, ఊరి బరువంతా దాని నెత్తినే ఉంది. ఎవరు ఏ బండిలో ఎక్కాలో తనే తేల్చాలి. నాంచారిలో ఎనిమిది మంది. చివరి పేరు మాల్యాద్రి.

"అక్కా, బండి బాగానే ఉంది గదా?" అనడిగింది.

"రాయిలాగా ఉంది," అన్నాను.

అది వెళ్ళాక అత్త తమలపాకుకి సున్నం రాస్తా కొడుకు వంక చూసింది. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంట. వాన పడి దిగొచ్చే రోజుకి నువ్వు రంకె వెయ్యాల్రా అబ్బయా. నీ గొంతు వినక నా చెవులు పాడుబడినాయి."

బావ నవ్వాడు. నవ్వుకి చప్పుడు లేదు. మొగుడి అరుపులు భరించలేకపోతున్నానని పదేళ్ళు ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని నేను. దేవుడు ఈ మాటలే వింటాడు, మిగతావి వినడు.

కృత్తిక కార్తె, బుధవారం

నాంచారిని ఘాటు మొదటి మలుపు దాకా తీసుకుపోయాను, ఊరికే చూద్దామని. సగం ఎక్కిందో లేదో వేడి ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. ఆపి, చల్లారిందాకా రాయి మీద కూర్చుని, మూత తీస్తే లోపల పచ్చగా ఉంది. వేలు పెట్టి రుచి చూశాను, మీరు మాత్రం చూడబాకండి. పసుపు!

ఇంటికొచ్చి బావ ఎదురుగా నిలబడ్డాను. ఏమీ అడగలేదు. పచ్చని వేలు చూపించాను, అంతే.

"పాత లారీలోళ్ళు పోసేవాళ్ళంట," అని గొణిగాడు. "పసుపు పోస్తే చిల్లి పూడుద్దంట. ఇంజను విప్పుతానంటివి, భయమేసింది. విప్పి బిగించలేకపోతే అందరూ కిందే ఉండిపోతారు గదా."

"పూడిందయ్యా పూడింది, రేడియేటర్లో సన్న దారులన్నీ పూడినాయి! అసలు చిల్లి మాత్రం అట్టాగే ఉంది. వంటింట్లో పసుపు అడుగంటితే అత్త మీద అరిచాను, పాపం."

"అందుకే చెబుతున్నా వెంగీ," అన్నాడు, ఊపిరి కూడదీసుకుని. "నా పేరు కొట్టించెయ్. బరువు తగ్గుద్ది. నేలకొట్టులో ఉంటాలే, పోయినేడు ఉండలా?"

అప్పుడు నేనన్న మాటలన్నీ ఈ డబ్బా రాసుకునే ఉంటుంది. మర్యాదస్తులు ఈ ముక్క దాటెయ్యండి. పళ్ళెం విసిరేశాను, మళ్ళీ నేనే తెచ్చుకుని కడిగి, అదే పళ్ళెంలో అన్నం పెట్టి ముద్దలు కలిపి తినిపించాను. ఏడ్చి ఏడ్చి ఇద్దరికీ ముక్కూ మొహం ఏకమైంది. నాయనా, మొగుడు లేకుండా పైగట్టు మీద చల్లగాలికి నేనేం చేసుకోను?

రేడియేటర్ ఊడదీసి, నీళ్ళు ఎదురు కొట్టి, పసుపంతా కడిగేసరికి పొద్దు గూకింది.

కృత్తిక కార్తె, శుక్రవారం

పొద్దున అత్త పాలు కాస్తోంది. బావ మంచం మీద నుంచి, "పైకి పోకపోతే ఏమైంది, నీడన కదలకుండా పడుకుంటే గొంతు దానంతటదే వచ్చుద్ది," అని మళ్ళీ మొదలుపెట్టాడు.

అత్త వెనక్కి తిరక్కుండానే, "పొయ్యి అంటించకుండా పాలు పొంగుతాయంట్రా?" అంది.

చేతిలో చెంబు కింద పెట్టేశాను.

పొయ్యి అంటించకుండా పాలు పొంగవు. మరి పొంగు రోజున నాంచారి ఎట్టా పొంగింది? తాళం తిప్పానో లేదో పొంగింది. అప్పటికి ఇంజను చల్లగా ఉంది, నా చెయ్యి దాని మీదే ఉంది. నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు. వేడి లేకుండా బుడగలెందుకొచ్చినాయి? ఊరంతా వంగి చూసి, జబ్బుకి చప్పట్లు కొట్టాం! అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

"అత్తా, అది పొంగు కాదు. మంట తాలూకు గాలి నీళ్ళల్లోకి దూరుతోంది."

"ఏందే నీ మొహం, శుభమా అని పొంగితే," అంది అత్త. అలవాటైన మాట కాదంటే ఎవరికైనా కోపమే. అయినా నాకూ రుజువు కావాలి. గాలి ఎక్కడో ఇరుక్కుని ఉన్నా బుడగలొస్తాయి, మంట గాలి అయినా బుడగలొస్తాయి. బుడగలన్నీ ఒకేలా ఉంటాయి.

నిన్ననే అత్త నాంచారికి దిష్టి తీయాలని ఎర్రనీళ్ళు కలిపి పెట్టుకుంది, పసుపూ సున్నం కలిపి. ఊరి కళ్ళన్నీ పడినాయంట దాని మీద. ఆ పళ్ళెం చూడగానే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళలో ఎర్రనీళ్ళ పళ్ళెం దొరికితే బొప్పాయి కాడ పెట్టి బుడబుడా ఊదేవాళ్ళం. ఊదగా ఊదగా ఎరుపు పోయి పసుపైపోయేది. మన ఊపిరి తగిలితే సున్నం చస్తుంది, వట్టి పసుపు మిగులుతుంది. అత్త నాకు పెట్టిన తొడపాశాలు ఇంకా గుర్తున్నాయి. మంట ఊపిరీ మనిషి ఊపిరీ ఆ విషయంలో ఒకటే.

గిన్నెలో కాసిని ఎర్రనీళ్ళు పోసుకుని, మొదట టైర్లకి గాలి కొట్టే పంపుతో వట్టి గాలి పంపాను. ఎంత కొట్టినా ఎర్రగానే ఉన్నాయి. తరవాత నాంచారి రేడియేటర్ మూతికి గుడ్డ కుక్కి, రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస గిన్నెలో ముంచి, చల్లటి ఇంజను తాళం తిప్పాను. బుడగలు. బావ లేచొచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. ఎరుపు వెలిసింది, నారింజ రంగైంది, చూస్తా ఉండగా పచ్చని పసుపైంది.

"దిష్టి దిగింది!" అని అత్త చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"దిగిందత్తా," అన్నాను. దిగిందనే అనుకోవచ్చు. ఇప్పుడు దాని పేరు కూడా తెలిసింది. ఇంజను మీద మూతలాంటి హెడ్డు ఉంటుంది, దానికీ కింది దిమ్మకీ మధ్య పల్చని రేకు, గ్యాస్కెట్. మంట గదిని నీళ్ళ దారి నుంచి వేరు చేసేది అదే. అదన్నా కాలిపోయి ఉండాలి, హెడ్డన్నా పగిలి ఉండాలి. ఏదైనా విప్పితేనే తెలుస్తుంది.

బావ నా వంక చూశాడు. "మూత కాదన్నమాట," అన్నాడు.

కృత్తిక కార్తె, ఆదివారం

విప్పేముందు సలోమికి చెప్పాను. రాయిలాగా ఉందని కోసిన కోత కూడా వెనక్కి తీసుకున్నాను.

"విప్పాక బిగించలేకపోతే ఏం చేద్దాం అక్కా?" అంది.

"విప్పకపోతే మొదటి మలుపు కూడా దాటదమ్మా. ఎనిమిది మందిని తీసుకుని నడి ఘాట్లో ఆగితే అక్కడ నీడ కూడా లేదు."

ఆ పిల్ల పేర్ల పట్టీ మళ్ళీ పైనుంచి కిందిదాకా చదివింది. గాజుబండ్లలో చోటు లేదని నాకూ తెలుసు, తనకీ తెలుసు. "విప్పు," అంది చివరికి. పోబోతా వెనక్కొచ్చి బావ కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళింది. చిన్నప్పుడు దానికి ఈత నేర్పింది బావే.

ముందు ప్లగ్గులు తీశాను. నాలుగింట్లో మూడు నల్లగా మసి పట్టి ఉన్నాయి. రెండోది మాత్రం తలంటి పోసుకున్నట్టు తెల్లగా మెరుస్తోంది. ఆవిరి కడిగేసిందన్నమాట, కారుడు ఆ గదిలోకే. నూనె పుల్ల తీసి చూశాను. నీళ్ళు నూనెలో కలిస్తే మజ్జిగలాగా తెల్లబడుతుంది, అలా అయితే ఇంజను లోపలి కీళ్ళన్నీ పోతాయి. నూనె నల్లగా, శుభ్రంగా ఉంది. నాంచారిని ముద్దు పెట్టుకున్నాను. బావ చూసి, "నాకు లేదా?" అన్నాడు. సిగ్గులేని మనిషి.

బెల్టుకి గుర్తులు పెట్టుకుని, బోల్టులు తీసి, హెడ్డు పైకెత్తేసరికి నడుం పట్టేసింది. గ్యాస్కెట్ బయటపడింది. రెండో గదికీ పక్కనున్న నీళ్ళ రంధ్రానికీ మధ్య, చిటికెన వేలు గోరంత మేర కాలిపోయి ఉంది. ఇంతే. ఇన్నాళ్ళ ఏడుపూ ఆ గోరంత కంతకే.

హెడ్డు కూడా పగిలిందేమో చూడాలి. దాని మీద సన్నటి పగులుంటే కంటికి కనపడదు. కిరసనాయిలు పూసి తుడిచి, పైన అత్త సున్నం పల్చగా రాశాను. పగులుంటే లోపల దాగిన నూనె సున్నంలోకి పైకి ఊరి గీతలాగా కనపడుతుంది. ఆరేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. సున్నం తెల్లగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

కృత్తిక కార్తె, మంగళవారం

ఏడుపాగాక అసలు కష్టం మొదలైంది. కొత్త గ్యాస్కెట్ ఎక్కడిది? అట్టాంటివి చేసే వాళ్ళు మా తాతల కాలంలోనే పోయారు. రాగి రేకైతే ఆగుతుందని బావ అన్నాడు. ఈసారి మూత గురించి కాదు కాబట్టి విన్నాను. కానీ అంత వెడల్పు రాగి రేకు కిందూరులో ఎవరి దగ్గరా లేదు. ఉన్న రాగంతా తీగలుగా సాగదీసి వాడేశారు.

సాయంత్రం అత్త పెరట్లోంచి ఏదో దొర్లించుకుంటా వచ్చింది. నీళ్ళు కాచే రాగి కాగు. ఆమె పెళ్ళికి పుట్టింటి వాళ్ళు పెట్టింది. అడుగంతా మసి, లోపల చింతపండుతో తోమి తోమి అద్దమై ఉంది.

"వద్దత్తా," అన్నాను. ఆ కాగుని ముట్టుకోనిచ్చేది కాదు నన్ను. తోమడం నాకు చేతకాదని ఆమె గట్టి నమ్మకం.

"పుట్టిన పదకొండో రోజున వీడికి దీన్లో కాచిన నీళ్ళే పోశానే," అంది కొడుకు వంక చూసి. "వీడు పోయాక దీన్లో నీళ్ళు కాచి ఎవరికి పొయ్యను? కొయ్యి."

"అమ్మా," అన్నాడు బావ.

"నువ్వు నోర్ముయ్. లేని గొంతు వాడబాకు." గడప మీద కూర్చుని వక్క నోట్లో వేసుకుంది. తరవాత నన్నడిగింది, "ఇంతకీ ఆ రేకు ఏం చేస్తుందే?"

"ఇటు నిప్పు, అటు నీళ్ళు. మధ్యలో నిలబడి రెండూ కలవకుండా చూస్తుందత్తా."

"మా కాగు చేసేదీ అదే గదే!" అంది.

 ఇన్నేళ్ళు బండి నడిపినా నాకు తట్టని ముక్క అది.

కాగుని కోసి, రేకు పరిచి, చదును రాతి మీద కొయ్య సుత్తితో సాపు చేశాను. పాత గ్యాస్కెట్ అచ్చుగా పెట్టి రంధ్రాలు కొట్టాం, గీతలు గీసింది బావే. తరవాత రేకుని ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచాను. ఇనుమైతే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడితేనే ఒదిగి కూర్చుంటుంది. మా అత్త కూడా అంతే, కాలి కాలి మెత్తబడిన మనిషి. ఈ మాట ఆమెకి చెప్పబాకండి.

కృత్తిక కార్తె, శుక్రవారం

బిగించాను. బోల్టులు నడిమి నుంచి మొదలుపెట్టి బయటికి, ఒక్కోటీ కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ తిరిగి. తొందరపడితే రేకు ఒకవైపు లేస్తుంది. మీరు బిగించేటప్పుడు కూడా తొందరపడబాకండి, ఎవరు అరిచినా సరే.

మళ్ళీ ఊరంతా చేరింది. తొట్టి మూత తీశాను. తాళం తిప్పాను. నాంచారి దగ్గి, తుమ్మి, అందుకుంది. అందరూ వంగారు.

ఇరుక్కున్న గాలి కాబోలు, రెండు బుడగలొచ్చినాయి. నా ప్రాణం పోయి వచ్చింది. ఆ తరవాత ఏమీ లేదు. చూశాం, చూశాం, నీళ్ళు నిండుగా, కదలకుండా. అత్త గిన్నెలో ఎర్రనీళ్ళు పట్టుకొచ్చింది. గొట్టం ముంచాం. ఎర్రగానే ఉన్నాయి, ఆమె నోరంత ఎర్రగా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొంగకపోతే కొట్టాలో వద్దో వాళ్ళకి తెలీదు. నేను కొడదామంటే నా చేతుల నిండా మసి. మొదటి చప్పట్లు బావవి, మెల్లగా, బలం లేకుండా. ఆ తరవాత అందరూ కొట్టారు. సలోమి ఏడుస్తా కొట్టింది.

రోహిణి కార్తె మొదటి రోజు

పైగట్టు నుంచి మాట్లాడుతున్నా. చేరాం. ముందు ఆ మాట చెప్పేస్తే మీకూ నిమ్మళం.

గాజుబండ్లు నిన్ననే పోయినాయి. వేకువనే మేం బయల్దేరాం. వెనక ఏడుగురు చాపల మీద, ముందు సీటు వెనక్కి వాల్చి బావ, అతని కాళ్ళ దగ్గర అత్త వక్కల పెట్టె పట్టుకుని ముడుచుకుని. వద్దన్నా వినలేదు, "నా కాగు ఎక్కడుంటే నేనక్కడే," అంది.

ఘాట్లో ఏనుగు మలుపని ఒకటుంది, అక్కడ ఎండ మొహాన కొట్టింది. ముల్లు లేవడం మొదలుపెట్టింది. సగం దాటింది. ఇంకా లేచింది. హీటరు వేస్తే ఇంజను వేడి బండిలోకి వచ్చేస్తుంది, ఇంజను బతుకుతుంది, మనుషులు ఉడుకుతారు. డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయమే. బావకీ తెలుసు. అతని చెయ్యి హీటరు బిరడా మీదికి పోయింది.

ఫట్టుమని కొట్టాను ఆ చేతి మీద. "బండి కోసం నిన్ను ఉడకబెట్టడానికి కాదు ఇంత చేసింది," అన్నాను.

పొద్దుటి కొండ నీడ ఇంకా కాస్త మిగిలిన చోట నాంచారి మూతిని గాలికి తిప్పి ఆపాను. ఇంజను ఆడుతూనే ఉంది. దిగి బానెట్టు ఎత్తి, తొట్టి వంక చూశాను.  మళ్ళీ బుడగలొస్తే వెనక్కి దారి లేదు. నీళ్ళు గీత మీద నిండుగా, ఒక్క బుడగ లేకుండా ఉన్నాయి. వేడి వేరు, జబ్బు వేరు. నాంచారికి ఉన్నది వట్టి వేడే, ఆ కొండెక్కితే ఎవరికైనా ఉండేదే. గాలికి కాసేపు నిలబడింది. ముల్లు దిగింది. మళ్ళీ ఎక్కాం.

పైన అందరినీ దింపి లోపల పడుకోబెట్టాక వచ్చి చూస్తే, అత్త నాంచారి బానెట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"వేడిగా ఉందే," అంది.

"ఉంటుందత్తా."

"నీళ్ళు కాగినట్టేగా."

"కాగినాయత్తా. ఒక్క చుక్క పోలేదు."

"నేను తోమిన కాగు," అంది. అని లోపలికి కొడుకు దగ్గరికి పోయింది.

మృగశిర కార్తె, ఆదివారం

వాన! నిన్న సాయంత్రం నుంచి కురుస్తానే ఉంది. ఇవాళ దిగుతున్నాం. కూలెంటు గీత మీదే ఉంది. తొట్టి మూత తీసి ఊరంతా వంగి చూశారు, పొంగలేదని చప్పట్లు కొట్టారు. ఇక ముందు ఇదే ఆచారం. మీ కాలంలో ఎవరన్నా మార్చబోతే ఈ డబ్బా వినిపించండి.

అందరూ ఎక్కారు. నేను బయట వానలో తడుస్తా పక్క తలుపు తోస్తున్నాను, దానికి ఇవాళ బుద్ధి పుట్టలేదు. అప్పుడు ముందు సీట్లోంచి వినపడింది, వాన చప్పుడు మీదుగా, కొండ ఆ పక్కదాకా:

"వెంగీ! మూత బిగించావా లేదా?"

తలుపు వదిలేశాను. బండిలో అందరూ నోళ్ళు తెరిచారు. అత్త చేతిలో వక్కల పెట్టె కింద పడింది. బావ కూడా తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డాడు.

బిగించానయ్యా, బిగించాను. నువ్వు అరువు, ఇంకా అరువు, ఈసారి ఒక్కరికి చెప్పుకుంటే ఒట్టు.

రాసుకో డబ్బా. ముసలి ఎద్దు రంకె వేసింది.